ఎన్‌పీఎస్ టైర్-1 సమీక్ష: అరవైకి ముందే ఉద్యోగం మానాలనుకునేవారి పన్ను లెక్క

జాతీయ పింఛను పథకం, అంటే ఎన్‌పీఎస్ (అందులో అసలు పింఛను ఖాతానే టైర్-1 అంటారు), గురించి ఎవరినడిగినా ముందు వినపడే మాట ‘ఏడాదికి యాభై వేలు కట్టండి, పన్ను తగ్గుతుంది’ అనేదే. పాత పన్ను విధానంలో ఉన్నవారికి అది నిజం. కొత్త విధానంలో ఉన్నవారికి ఆ యాభై వేల మీద ఒక్క రూపాయి కూడా తగ్గదు, పైగా డబ్బు ఏళ్ల తరబడి కదలదు. కొత్త విధానంలో ఎన్‌పీఎస్‌తో పన్ను తగ్గించే దారి ఒకటే ఉంది: మన జీతంలో కొంత భాగాన్ని కంపెనీ చేత ఎన్‌పీఎస్‌లో కట్టించడం. యాభైకో, అంతకు ముందో ఉద్యోగం మానేద్దామనుకునేవారు ఈ దారిని ఎంతవరకు వాడుకోవచ్చు, బయటికొచ్చేటప్పుడు ఎక్కడ ఇరుక్కుంటారు అన్నదే ఇక్కడ చూసేది. 2004 జనవరి 1న కేంద్ర ప్రభుత్వంలో కొత్తగా చేరినవారితో మొదలై, 2009 మే 1 నుంచి అందరికీ తెరిచిన పథకమే అయినా, ప్రభుత్వ ఉద్యోగుల ఉపసంహరణ నియమాలు వేరు. కింద రాసినదంతా ప్రైవేటు జీతగాళ్ల గురించి.

సెక్షన్ల గురించి ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి రావడంతో పాత అంకెలు మారాయి. జనం నోట్లోనూ, కంపెనీల పేరోల్ సాఫ్ట్‌వేర్లలోనూ ఇంకా పాత అంకెలే తిరుగుతున్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడాం.

ఎన్‌పీఎస్‌కి పన్ను మినహాయింపు ఇచ్చేవి మూడు. 80సీసీడీ(1) కింద మన చందా, బేసిక్ ప్లస్ డీఏలో 10 శాతం దాకా. ఇది పీఎఫ్, ఎల్‌ఐసీ ప్రీమియం వగైరాలతో కలిపి లక్షన్నర పరిమితిలోకే వస్తుంది కాబట్టి పీఎఫ్ కటింగ్ ఉన్నవారికి దీనివల్ల కొత్తగా ఒరిగేది దాదాపు ఏమీ లేదు. 80సీసీడీ(1బి) కింద అదనంగా 50,000. ఈ రెండూ పాత విధానంలోనే. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి యాభై వేల మీద సెస్సుతో కలిపి 15,600 మిగులుతుంది. మూడోది 80సీసీడీ(2), కంపెనీ కట్టే వాటా. పాత విధానంలో ప్రైవేటు ఉద్యోగికి బేసిక్, డీఏల మీద 10 శాతం. కొత్త విధానంలో 2024-25 నుంచి 14 శాతం. దీనికి లక్షన్నర పరిమితితో సంబంధం లేదు.

‘కంపెనీ వాటా’ అనగానే కంపెనీ తన జేబులోంచి ఇస్తుందనుకోకండి. చాలాచోట్ల అది మన సీటీసీలోంచే, అంటే కంపెనీ మనకి లెక్కగట్టిన మొత్తం జీతం ప్యాకేజీలోంచే వస్తుంది. స్పెషల్ అలవెన్సు అంత తగ్గి, ఆ మొత్తం ఎన్‌పీఎస్‌కి వెళ్తుంది. చేతికొచ్చే జీతం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది మీరు ఏ మెట్టు మీద ఉన్నారన్న దాన్ని బట్టి.

పెద్ద జీతం లెక్క చూద్దాం. ఏడాదికి మొత్తం జీతం 25.75 లక్షలు, అందులో బేసిక్ 12 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను పడే ఆదాయం 25 లక్షలు. 2025-26 కొత్త శ్లాబుల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 3,43,200. బేసిక్‌లో 14 శాతం, అంటే 1,68,000 ఎన్‌పీఎస్‌కి మళ్లిస్తే ఆదాయం 23.32 లక్షలకు దిగుతుంది, పన్ను 2,94,320 అవుతుంది. ఆదా 48,880. చేతి జీతం నికరంగా తగ్గేది 1,19,120. బాగానే ఉంది. కానీ ఈ పథకం అసలు బలం ఈ లెక్కలో కనపడదు.

అది కనపడేది 13, 14 లక్షల జీతం దగ్గర. మొత్తం జీతం 13.5 లక్షలు, బేసిక్ 6 లక్షలు అనుకోండి. ఎన్‌పీఎస్ లేకుండా ఆదాయం 12.75 లక్షలు, సెస్సుతో పన్ను 74,100. బేసిక్‌లో 14 శాతం, 84,000 మళ్లిస్తే ఆదాయం 11.91 లక్షలు. 12 లక్షల లోపు కాబట్టి రిబేటు వర్తించి పన్ను సున్నా. 84,000 పింఛను ఖాతాలో పడితే చేతి జీతం తగ్గింది ఏడాది మొత్తానికి 9,900 మాత్రమే. జీతగాడికి చట్టబద్ధంగా ఇంతకన్నా పెద్ద లాభం చూపించే పథకం ఇప్పుడు మరోటి లేదు. బేసిక్ సగం ఉన్నవారికి సుమారు 13.7 లక్షల మొత్తం జీతం దాకా ఈ మలుపు పనిచేస్తుంది. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ కూడా ఆదాయంలో కలుస్తుందని గుర్తుంచుకుని, 12 లక్షల గీతకి ఓ పదీ ఇరవై వేలు కిందే ఉండేలా చూసుకోవాలి. షేర్ల అమ్మకం లాభాల మీద పడే ప్రత్యేక రేటు పన్నుకి ఈ రిబేటు వర్తించదు.

కట్టించుకోవడం ఎలా అంటే, ముందు 12 అంకెల ప్రాన్, అంటే ఎన్‌పీఎస్ శాశ్వత ఖాతా నంబరు ఉండాలి. లేకపోతే పాన్, ఆధార్‌తో ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. కంపెనీ కార్పొరేట్ ఎన్‌పీఎస్ కింద నమోదై ఉండాలి. లేకపోతే మీ ఒక్కరి కోసం 80సీసీడీ(2) రాదు, హెచ్ఆర్‌ని నలుగురు కలిసి అడగాల్సిందే. ఇదివరకే సొంతంగా ప్రాన్ తీసుకున్నవారు రెండోది తెరవకూడదు. ఉన్నదాన్నే కార్పొరేట్ విభాగానికి మార్పించుకోవాలి. ఇది సీఆర్‌ఏ (ఎన్‌పీఎస్ ఖాతాల రికార్డులు నడిపే సంస్థ) దగ్గర జరిగే మార్పు. కంపెనీ మొదటి చందా పంపేలోపు పూర్తికాకపోతే డబ్బు తిరిగొచ్చేస్తుంది, ఆ నెల మినహాయింపు పోతుంది. చాలా కంపెనీలు ఏప్రిల్‌లో తప్ప మధ్యలో జీతం విడగొట్టడానికి ఒప్పుకోవు. కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లోనే అడిగి పెట్టుకోవాలి. పేరోల్‌లో ఇంకా పాత 10 శాతమే ఉంటే 14కి మార్చమని రాతపూర్వకంగా అడగండి. నియమం మారి ఇంతకాలమైనా మార్చని కంపెనీలున్నాయి.

ఫారం 16 వచ్చినప్పుడు రెండు చోట్ల చూడాలి. కంపెనీ వాటా మొత్తం జీతంలో కలిసి ఉండాలి, తర్వాత 80సీసీడీ(2) కింద తగ్గి ఉండాలి. కొన్ని పేరోళ్లు దాన్ని జీతంలో కలపకుండానే వదిలేస్తాయి. అది చూడకుండా రిటర్నులో మళ్లీ మినహాయింపు రాసుకుంటే ఒకే డబ్బుకి రెండుసార్లు తగ్గించినట్టవుతుంది, నోటీసు రావచ్చు. దీనికి తిరగబడ్డ తప్పు, 80సీసీడీ(2)లో రాయాల్సింది 80సీసీడీ(1)లో రాయడం. కొత్త విధానంలో (1) చెల్లదు కాబట్టి మినహాయింపు మొత్తం గాల్లో కలిసిపోతుంది. రిటర్ను వేసేముందు సీఆర్‌ఏ లావాదేవీల స్టేట్‌మెంట్‌లో ‘ఎంప్లాయర్’ గడిలో ఉన్న మొత్తంతో సరిపోల్చుకోవడం ఐదు నిమిషాల పని.

పెద్ద బేసిక్ ఉన్నవారికి మరో గోడ ఉంది. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ (కొన్ని కంపెనీలు విడిగా నడిపే రిటైర్మెంటు నిధి) మూడింటికీ కలిపి కంపెనీ కట్టేది ఏడాదికి 7.5 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీదా, దానిపై ప్రతి ఏటా వచ్చే రాబడి మీదా పన్ను పడుతుంది. పీఎఫ్ 12 శాతం, ఎన్‌పీఎస్ 14 శాతం, మొత్తం 26 శాతం. అంటే బేసిక్ నెలకి సుమారు 2.4 లక్షలు దాటాక ఈ గోడ తగులుతుంది. అక్కడ 14 శాతానికి బదులు తక్కువ శాతం ఎంచుకోవడమే మేలు.

ఇక ముందస్తుగా ఉద్యోగం మానేవారికి అసలు పరీక్ష బయటికొచ్చేటప్పుడే. ఇక్కడ నియమాలు 2025 డిసెంబరులో బాగా మారాయి, కానీ ఇంటర్నెట్‌లో సగం రాతలు పాతవే. ప్రభుత్వేతర చందాదారులకు ఇప్పుడు రెండు తలుపులున్నాయి.

ఒకటి మామూలు ఉపసంహరణ: అరవై నిండినా, లేదా చందాదారుగా 15 ఏళ్లు పూర్తయినా. ఖాతాలో 8 లక్షల లోపుంటే మొత్తం తీసుకోవచ్చు. 8 నుంచి 12 లక్షల మధ్య ఉంటే 6 లక్షల దాకా ఒకేసారి, మిగతాది కనీసం ఆరేళ్లపాటు విడతలుగా గానీ యాన్యుటీగా (బీమా కంపెనీ జీవితాంతం ఇచ్చే పింఛనుగా) గానీ. 12 లక్షలు దాటితే 80 శాతం దాకా చేతికి, కనీసం 20 శాతంతో యాన్యుటీ కొనాలి. మునుపు ఇది 60, 40గా ఉండేది.

రెండోది ముందస్తు ఉపసంహరణ. అరవై నిండలేదు, 15 ఏళ్లూ కాలేదు, కానీ డబ్బు కావాలి. 5 లక్షల లోపుంటే మొత్తం ఇస్తారు. దాటితే 20 శాతమే చేతికి, 80 శాతం యాన్యుటీలోకి. 60 లక్షలు పోగేసినవారికి 12 లక్షలు చేతికొస్తాయి, 48 లక్షలు బీమా కంపెనీకి వెళ్లిపోతాయి. యాన్యుటీ రేటు 6.5 శాతం అనుకుంటే నెలకి 26,000. జీవితాంతం అదే 26,000. ధరలు పెరిగినా అది పెరగదు. నలభై ఐదేళ్ల మనిషికి ఇది చాలా చెడ్డ బేరం. పన్ను ఆదా కోసం వేసి, చివరికి ఈ తలుపు గుండా బయటికి రావడమంటే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

అందుకే ఈ పథకం ఎవరికి పనికొస్తుందన్నది వయసు కన్నా ప్రాన్ వయసు మీద ఆధారపడి ఉంది. ముప్పై రెండులో చందాదారుగా చేరినవారు నలభై ఏడులో మొదటి తలుపు గుండా రావచ్చు. నలభై రెండులో మొదలుపెట్టి నలభై ఎనిమిదికి మానేద్దామనుకునేవారికి ఆ తలుపు యాభై ఏడు దాకా మూసే ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు కంపెనీ వాటా ఇప్పుడే వద్దనుకున్నా కనీసపు చందాతో ఖాతా తెరిచి ఉంచుకోవడంలో తప్పులేదు. ఏడాదికి 1,000 కడుతూ ఉంటే ఖాతా నడుస్తుంది.

ఆలస్యంగా మొదలుపెట్టినవారు అసలు వద్దనుకోవాలా? అక్కర్లేదు, మొత్తాన్ని అదుపులో పెట్టుకుంటే చాలు. ఉద్యోగం మానగానే ఎన్‌పీఎస్ ఖాతా మూయాలని ఏ నియమమూ లేదు. ప్రాన్‌ని కార్పొరేట్ నుంచి వ్యక్తిగత విభాగానికి మార్పించుకుని, ఏటా కనీసపు చందా కడుతూ వదిలేయొచ్చు. మానిన రోజు నుంచి మొదటి తలుపు తెరుచుకునే దాకా ఇల్లు గడవడానికి కావలసింది మ్యూచువల్ ఫండ్లలో, పీఎఫ్‌లో, డిపాజిట్లలో ముందే ఉండాలి. ఆ వంతెన డబ్బు సరిపోయేంత పోగయ్యాకే మిగులును ఎన్‌పీఎస్ వైపు తిప్పాలి. వరస తిరగబడితే, ముందు ఎన్‌పీఎస్ నింపి తర్వాత వంతెన కట్టుకుందామనుకుంటే, రిటైర్మెంటే వాయిదా పడుతుంది.

మధ్యలో అవసరమైతే పాక్షిక ఉపసంహరణ ఉంది కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. పిల్లల పై చదువు, పెళ్లి, ఇల్లు, జబ్బు వంటి కారణాలకి, అరవై లోపు నాలుగుసార్లు, ఒక్కోదానికి మధ్య నాలుగేళ్ల ఎడంతో తీసుకోవచ్చు. కానీ ఆ పరిమితి మన సొంత చందాలో 25 శాతం. రాబడి లెక్కలోకి రాదు, కంపెనీ వాటా కూడా లెక్కలోకి రాదు. కొత్త పన్ను విధానంలో ఉండి మొత్తం కంపెనీ వాటాగానే కట్టించినవారికి సొంత చందా దాదాపు సున్నా. సున్నాలో పాతిక శాతమూ సున్నానే. అమ్మేవారెవరూ చెప్పని సంగతి ఇది.

ఇప్పుడు బయటికొచ్చేటప్పటి పన్ను. చట్టంలో మినహాయింపు రాసి ఉన్నది మొత్తం నిధిలో 60 శాతానికే. 2025 డిసెంబరులో చేతికిచ్చే వాటాని 80కి పెంచింది పింఛను నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏ. పన్ను చట్టంలోని 60 ఆ రోజున అలాగే ఉంది. ఆ పై 20 శాతం తీసుకుంటే ఆ ఏడాది ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. యాన్యుటీ కొనడానికి పెట్టిన భాగం మీద అప్పటికి పన్ను లేదు, తర్వాత నెలనెలా వచ్చేది మాత్రం ఆదాయమే.

ఇక్కడే ముందస్తుగా మానేవారికి ఒక సదుపాయం ఉంది. జీతం ఆగిపోయాక ఆదాయం దాదాపు ఉండదు. కట్టేటప్పుడు 30 శాతం మెట్టు మీద తప్పించుకున్న పన్నుని, తీసుకునేటప్పుడు రిబేటు గీత లోపల ఉండి పూర్తిగా ఎగరగొట్టొచ్చు. కావలసిందల్లా తేదీ. జనవరిలో రాజీనామా చేసినవారు ఫిబ్రవరిలోనే ఉపసంహరణ పెడితే ఆ 20 శాతం పది నెలల జీతం మీద కూర్చుని పై శ్లాబులో పన్ను పడుతుంది. అదే ఏప్రిల్ దాకా ఆగితే కొత్త ఆర్థిక సంవత్సరం, జీతం సున్నా. మొత్తం నిధి 60 లక్షల లోపుంటే ఆ 20 శాతం 12 లక్షల లోపే కాబట్టి, వేరే ఆదాయం లేని ఏడాదిలో కొత్త విధానం కింద పన్ను పడదు. యాన్యుటీ కూడా అదే ఏడాది మొదలవుతుంది కాబట్టి కొంచెం జాగా వదిలి అడగాలి. నిధి పెద్దదైతే ఒకేసారి తీసుకోకుండా విడతల ఉపసంహరణ పెట్టుకుని ఏళ్ల మీద పరచవచ్చు.

పెట్టుబడి విషయానికొస్తే ఈ పథకం మీద ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. షేర్లు, కంపెనీ బాండ్లు, ప్రభుత్వ బాండ్ల మధ్య నిష్పత్తి మనమే ఎంచుకోవచ్చు. మామూలు పథకంలో షేర్లు 75 శాతం దాకా. నిష్పత్తిని ఏడాదిలో నాలుగుసార్లు, ఫండ్ మేనేజర్‌ని ఒకసారి మార్చవచ్చు. మార్చినప్పుడు పన్ను పడదన్నది తక్కువ మంది గమనించే లాభం. మ్యూచువల్ ఫండ్‌లో షేర్ల నుంచి బాండ్లకి మారాలంటే ఏడాది దాటిన లాభంలో 1.25 లక్షల పైన 12.5 శాతం కట్టాలి, ఇక్కడ ఏమీ లేదు. మానడానికి నాలుగైదేళ్ల ముందు నుంచి షేర్ల వాటా తగ్గించుకుంటూ రావాల్సినవారికి ఇది బాగా కలిసొస్తుంది. నిర్వహణ ఖర్చు నూటికి పది పైసలకి అటూ ఇటూ. 2025 అక్టోబరు 1 నుంచి 100 శాతం షేర్లలో పెట్టే కొత్త స్కీములూ వచ్చాయి గానీ, వాటి ఖర్చు 0.30 శాతం దాకా ఉండొచ్చు, 15 ఏళ్ల దాకా వాటిలోంచి మామూలు పథకానికే తప్ప అలాంటి ఇంకో స్కీముకి మారలేరు. పదేళ్లలో మానేద్దామనుకునేవారికి మామూలు పథకమే నయం. ఆటో ఛాయిస్ వయసుని బట్టి షేర్లు తగ్గిస్తుంది, మీరు మానే తేదీ దానికి తెలియదు. కాబట్టి నిష్పత్తి మనమే పెట్టుకునే యాక్టివ్ ఛాయిసే ఎంచుకోండి.

పాత విధానంలో ఉండి సొంతంగా యాభై వేలు కట్టేవారు మార్చి 31 సాయంత్రం దాకా ఆగకండి. డీ-రెమిట్ ద్వారా, అంటే మన బ్యాంకు నుంచి నేరుగా ఎన్‌పీఎస్ వర్చువల్ ఖాతాకి పంపితే, ఉదయం 11 లోపు ట్రస్టీ బ్యాంకుకి చేరినదానికి ఆ రోజు ఎన్‌ఏవీ (యూనిట్ ధర) ఇస్తారు. కానీ మొదటిసారి ఆ వర్చువల్ ఖాతా నంబరు తెరిచి, మీ బ్యాంకులో లబ్ధిదారుగా చేర్చుకోవడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. మార్చి 20కల్లా ముగించడం క్షేమం.

చివరికి, డబ్బు తీసుకునే రోజున ఎక్కువగా అడ్డుపడేది పన్నూ కాదు, నియమమూ కాదు, పేరు. ఉపసంహరణకి ముందు బ్యాంకు ఖాతాలో ఒక రూపాయి వేసి పేరు సరిచూస్తారు. ప్రాన్‌లో ఉన్న పేరు, బ్యాంకులో ఉన్న పేరు కలవకపోతే దరఖాస్తు ముందుకి కదలదు. మనకి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట చివరన ఉండటం మామూలే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పాన్, ఆధార్, బ్యాంకు, ప్రాన్ నాలుగింట్లో అక్షరం తేడా లేకుండా చేసుకోవడం, నామినీ పేరు చూసుకోవడం, జీతం ఖాతా మూసేముందు ప్రాన్‌లో వేరే పొదుపు ఖాతా ఎక్కించుకోవడం: ఈ మూడూ రాజీనామా ఇచ్చేలోపే అయిపోవాలి. కంపెనీ మెయిల్‌ని ప్రాన్‌కి ఇచ్చి ఉంటే దాన్నీ మార్చండి, ఓటీపీలు అక్కడికే వెళ్తాయి.